పోటీలో పాఠానికి చోటెక్కడ?

మన ఉన్నత పాఠశాలల్లో సాహిత్యం పేరుతో జరిగే పోటీలకు కొదవ లేదు. ఆగస్టు 15కి వక్తృత్వం, ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి పద్యపఠనం, నవంబరు 14కి వ్యాసరచన, మధ్యలో ఎప్పుడో ఒక క్విజ్. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో కూడా ఇవే పోటీలు, ఇవే బహుమతులు. ఇన్ని పోటీల్లో ఒక్కదానిలోనైనా పిల్లల ముందు ఒక పద్యమో, ఒక కథో, ఒక పేరానో పెట్టి, ఇందులో ఏముందో చదివి చెప్పండి, ఏ మాట ఆధారంగా చెబుతున్నారో కూడా చెప్పండి అని అడుగుతున్నామా? దాదాపు ఎక్కడా అడగటం లేదు. సాహిత్యం గురించి పోటీ వుంది. సాహిత్యాన్ని చదవడంలో పోటీ లేదు. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గాని, రేపటి పాఠకుడు ఎలాంటివాడు కాబోతున్నాడో తేల్చేది ఇదే.

ముందు క్విజ్ సంగతి చూద్దాం. శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి దుర్గాన్ని ఏ సంవత్సరంలో పట్టుకున్నాడు? 1514. మొల్ల తండ్రి ఎవరు? కేసన. ప్రబోధచంద్రోదయాన్ని తెలుగు చేసిన జంటకవులెవరు? నంది మల్లయ, ఘంట సింగయ. ఈ జవాబులు తప్పులు కావు. అనవసరమైనవీ కావు. రోజూ కోట కొండ చూస్తూ బడికి వచ్చే పిల్లలకు ఆ కోట చరిత్ర తెలియడం మంచిదే. ప్రబోధచంద్రోదయం ఉదయగిరి పాలకుడి మంత్రికి అంకితమైన కావ్యమని తెలిస్తే మరీ మంచిది. కాని ఈ జవాబులు చెప్పడానికి ఆ కావ్యంలో ఒక్క పద్యమైనా చదవనక్కరలేదు. గైడు చివరి పేజీలు చాలు. పైగా క్విజ్‌లో ముందు చెప్పినవాడిదే గెలుపు. చదివేవాడు ఒక మాట దగ్గర ఆగాలి, వెనక్కి పోవాలి, మళ్ళీ చూడాలి. క్విజ్‌లో ఆగినవాడు ఓడిపోతాడు.

వక్తృత్వంలో పిల్లవాడు మేష్టరు రాసిచ్చిన మూడు పేజీలు వల్లెవేసి, చేతులు ఊపుతూ అప్పజెబుతాడు. గురజాడ పేరు వస్తుంది, శ్రీశ్రీ పేరు వస్తుంది, జాషువా పేరు వస్తుంది. ఆ ముగ్గురూ ఒకే మాట చెప్పినట్టు వినిపిస్తుంది. వ్యాసరచన కూడా అంతే, నోటితో చెప్పింది కాగితం మీదికి వస్తుంది. ఈ పోటీల వల్ల జ్ఞాపకశక్తీ సభాధైర్యమూ పెరుగుతాయి. పొలం పని నుంచి వచ్చిన పిల్ల నలుగురి ముందు నిలబడి గొంతు విప్పడం తక్కువ విషయం కాదు. అయితే ఆ గొంతులో పలికేది ఎవరి మాట అన్న ప్రశ్న మిగిలే వుంది.

ప్రభుత్వం వారి పాఠ్యప్రణాళిక ఈ విషయంలో మన సాహిత్య సంస్థలకన్నా ఒక అడుగు ముందే వుంది. ఇది ఒప్పుకోవలసిన సంగతి. నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చినప్పటి తెలుగు ప్రశ్నపత్రాల్లో అవగాహన-ప్రతిస్పందన అన్న భాగం పెట్టారు. పాఠంలో లేని గద్యభాగాన్ని ఇచ్చి ప్రశ్నలడిగారు. పేరా చదివి ప్రశ్నలు మీరే తయారుచేయండి అనీ అడిగారు. ఉద్దేశం మంచిదే. ఆచరణలో ఏమయింది? పేరాలో పేరున్న చోట 'ఎవరు', సంవత్సరమున్న చోట 'ఎప్పుడు' పెడితే ప్రశ్న తయారు. నాలుగు మార్కులు వచ్చేస్తాయి. పేరాలోని వాదమేమిటి, ఆ వాదంలో బలహీనమైన మెట్టు ఏది, రచయిత చెప్పకుండా దాటేసింది ఏది అన్న ప్రశ్నలు ఆ విద్యార్థికి తట్టవు. ఎందుకంటే వాటికి జవాబు రెండు విధాలుగా వుండవచ్చు. రెండు విధాల జవాబున్న ప్రశ్నకు మార్కులెలా వేయాలో మనం నేర్చుకోలేదు.

దగ్గరి ఉదాహరణ ఒకటి తీసుకుందాం. ఆత్మకూరు నుంచి బద్వేలు పోయే దారిలో వెలిగొండలు దాటితే గోపవరం వస్తుంది. మొల్ల పేర్కొన్న గోపవరం ఇదేనని ఎక్కువమంది అంటారు. మొల్ల తన రామాయణం అవతారికలో తాను పండితురాలిని కానని చెప్పుకుంది. దేశ్యాలు, తత్సమాలు, సంధులు, విభక్తులు, ధాతువులు, అలంకారాలు, ఛందస్సు, ఇవేవీ తనకు తెలియవన్నది. గోపవరం మల్లేశ్వరుడి దయవల్ల కవిత్వం అబ్బిందన్నది. ఇంతవరకు పాఠ్యపుస్తకంలో వుంటుంది. క్విజ్ కూడా ఇక్కడే ఆగిపోతుంది. మొల్లకు చదువు రాదు, దైవకృప వల్ల కవయిత్రి అయింది. ప్రశ్న అయిపోయింది, మార్కు పడిపోయింది.

ఇప్పుడు ఆ అవతారికను తొమ్మిదో తరగతి పిల్లల ముందు పెట్టండి. ఒకే ఒక ప్రశ్న అడగండి: ఇవేవీ తెలియని మనిషికి వీటి పేర్లన్నీ ఎలా తెలిశాయి? వ్యాకరణం రానివాడు తనకు వ్యాకరణం రాదని మాత్రమే చెప్పగలడు. దానిలోని విభాగాలను వరసగా పేర్కొని, అవన్నీ ఛందస్సులో పొదిగి, నాకివి రావు అని చెప్పలేడు. అంటే ఆ పద్యం చెబుతున్న మాట ఒకటి, చేస్తున్న పని మరొకటి. ఇది వినయమా, సవాలా? వినయమే అనవచ్చు. కవులు అవతారికల్లో తమను తాము తగ్గించుకోవడం సంప్రదాయంలో వున్నదే. సవాలు అని కూడా అనవచ్చు. చదివేవాడికి అర్థంకాని మాటలతో రాసింది కవిత్వం కాదన్న వాదం కూడా ఆ అవతారికలోనే వుంది మరి. రాకపోవడం వేరు, వద్దనుకోవడం వేరు. ఏది నిజమో తేల్చడానికి గైడు పనికిరాదు. పద్యాలను పక్కపక్కన పెట్టుకుని చూడాలి. ఒక జట్టు వినయమని వాదించాలి, ఇంకొక జట్టు సవాలని వాదించాలి. ఎవరు గెలిచినా, మొల్ల ఒక స్త్రీగా పండితుల ముందు ఎలా నిలబడిందో రెండు జట్లకూ అర్థమవుతుంది. సామాజిక వాస్తవికత గురించి పది ఉపన్యాసాలు చెయ్యలేని పని ఈ ఒక్క ప్రశ్న చేస్తుంది.

ఇక మన సంగతి. తప్పంతా బడులదీ, గైడులదీ అని చెప్పి తప్పుకుంటే కుదరదు. అభ్యుదయ సాహిత్యోద్యమం కూడా ఒక చెడ్డ ప్రశ్నను ప్రచారంలో పెట్టింది. "ఈ రచన సందేశం ఏమిటి?" అన్న ప్రశ్న అది. పుస్తక పరిచయాల్లోనూ, కథల పోటీల నిర్ణయాల్లోనూ, విద్యార్థుల సదస్సుల్లోనూ ఇదే ప్రశ్న. సందేశం దొరికిందా, రచన పని అయిపోయింది. పండు పిండి రసం తీసుకుని పిప్పి పారేసినట్టు, ఇతివృత్తంలోంచి సందేశాన్ని పిండుకుని వాక్యాన్ని పారేస్తున్నాం. అలా చదివితే మంచి కథకూ కరపత్రానికీ తేడా వుండదు. శత్రువు రాసిన తెలివైన వ్యాసానికీ మిత్రుడు రాసిన తెలివితక్కువ వ్యాసానికీ తేడా కనబడదు. రెండోది మరీ ప్రమాదకరం.

మన మార్గంలోనే ఇంతకన్నా మంచి ఆదర్శం వుంది. వెలిగొండలకు అవతల కడప నుంచి 1968లో 'సంవేదన' త్రైమాసిక పత్రికను తెచ్చిన రాచమల్లు రామచంద్రారెడ్డి, తన దృక్పథానికి దగ్గరగా వున్న రచయితలను కూడా వాక్యం వాక్యం పట్టి పరీక్షించారు. 'సారస్వత వివేచన' చదివినవారికి ఈ సంగతి తెలుసు. కవి మనవాడా కాదా అని కాదు, ఈ పంక్తి నిలబడుతుందా లేదా అని అడిగారు. కావలి జవహర్ భారతిలో తెలుగు చెప్పిన కె.వి. రమణారెడ్డి 'మహోదయం'లో గురజాడను ఆయన కాలంలో నిలబెట్టి చూశారు. ఒకరు పాఠంలోకి దిగి చదివారు. ఇంకొకరు పాఠం చుట్టూ వున్న చరిత్రను చదివారు. ఈ రెండు పనులూ ఒకదానికొకటి విరోధం కావని గ్రహించడానికి ఈ ఇద్దరే చాలు.

అయినా ఒక ఆక్షేపణ వస్తుంది. పాఠాన్ని పట్టుకుని మాట మాట విడదీసి చదవడం రూపవాదం కాదా? కవి పేరు, కాలం, వర్గం తుడిచేసి పద్యాన్ని గాజుసీసాలో పెట్టి చూడడం కాదా? ఆక్షేపణలో సత్యం వుంది. కేంబ్రిడ్జిలో ఐ.ఎ. రిచర్డ్స్ తన విద్యార్థులకు కవి పేరూ కాలమూ తీసేసిన పద్యాలిచ్చి, వాళ్ళు రాసిన అభిప్రాయాలను పరిశీలించి 1929లో 'ప్రాక్టికల్ క్రిటిసిజం' ప్రచురించాడు. పెద్ద చదువులు చదివేవాళ్ళు కూడా పద్యం సాదా అర్థం పట్టుకోలేక, ముందే తయారుగా వున్న అభిప్రాయాలను పద్యం మీద రుద్దుతున్నారని ఆ ప్రయోగంలో బయటపడింది. ఆ రోగనిర్ణయం మనకూ వర్తిస్తుంది. ఆయన తరవాత కొందరు విమర్శకులు పద్యానికి బయట లోకమే లేనట్టు వ్యవహరించారు. దాన్ని మనం ఒప్పుకోనక్కరలేదు. రోగనిర్ణయం తీసుకుందాం, మందు మనం తయారుచేసుకుందాం.

ఆ మందుకు కావలసిన సరుకు ఈ మెట్టలోనే వుంది. నెల్లూరు జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి 1905లో మూడు సంపుటాలుగా ప్రచురించారు. తాలూకాల వారీగా కూర్చిన ఆ సంపుటాల్లో ఉదయగిరి శాసనాలున్నాయి, ఆత్మకూరు శాసనాలున్నాయి. వాటిలో ఒక దానశాసనం తీసుకోండి. ఇలాంటి శాసనాల తీరు మనకు తెలిసిందే: శకవర్షం, రాజు బిరుదులు, దాత పేరు, పుచ్చుకున్నవారి పేరు, పొలం ఎల్లలు, దాన్ని అపహరించినవాడికి శాపం. కష్టమైన మాటలకు అర్థాలు కింద ఇచ్చి, విద్యార్థులను వ్యాకరణ ప్రశ్నే అడగండి: ఇందులో క్రియలు ఏవి, వాటి కర్తలెవరు? ఇచ్చినవాడున్నాడు, పుచ్చుకున్నవాడున్నాడు. దున్నడం అన్న క్రియ వుందా? వుంటే దానికి కర్త వున్నాడా? లేకపోతే పొలం ఎల్లలు చెప్పినంత వివరంగా పొలం దున్నేవాడి గురించి చెప్పవలసిన అవసరం ఎందుకు కలగలేదు? విద్యార్థి సమాజాన్ని బయటనుంచి తెచ్చి శాసనం మీద అతికించలేదు. వాక్యంలో ఖాళీగా వున్న చోటు నుంచే సమాజంలోకి నడిచాడు. దగ్గరగా చదవడం అంటే సమాజాన్ని మరచిపోవడం కాదని చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

చదవడం వల్ల ఏమవుతుంది అని అడిగేవారికి ఈ ప్రాంతమే ఒకసారి సమాధానం చెప్పింది. కలిగిరి మండలం దూబగుంట ఇప్పుడు ఉదయగిరి నియోజకవర్గంలోని ఊరు. 1990ల మొదట్లో జిల్లాలో సాగిన అక్షరాస్యతా ఉద్యమంలో అక్కడి కూలి స్త్రీలు రాత్రి బడికి వెళ్ళారు. వాచకంలో 'సీతమ్మ కథ' అన్న పాఠం వుంది. ఊళ్ళో తాగుడును ఎదిరించిన ఆడవాళ్ళ కథ అది. దాని గురించి వాళ్ళు తమలో తాము మాట్లాడుకున్నారు. పాఠంలోని ఊరిని తమ ఊరితో పోల్చుకున్నారు. అక్కడ జరిగింది ఇక్కడెందుకు జరగదని అడిగారు. సారా దుకాణాన్ని నిలిపేశారు. తరవాత వాళ్ళ పోరాటమే 'ఆడవాళ్ళు ఏకమైతే' అన్న పాఠమై ఇంకొక వాచకంలోకి ఎక్కింది. దాన్ని ఇంకో ఊరి ఆడవాళ్ళు చదివారు. 1992లో జిల్లా అంతా సారా వ్యతిరేకోద్యమం నడిచింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో అది సడలింది.

ఉద్యమమంతా ఒక పాఠం నుంచి పుట్టిందని చెబితే అది అతిశయోక్తి. కూలి డబ్బులు సారా పొట్లాలకు పోవడం, ఇంట్లో దెబ్బలు, పస్తులు, ఇవన్నీ ముందునుంచీ వున్నవే. అక్షరాస్యతా కార్యకర్తల పని వుంది, ప్రజాసంఘాల పని వుంది. కాని గమనించవలసిన విషయం ఒకటుంది. నిన్నమొన్న అక్షరాలు కూడబలుక్కున్న ఆ స్త్రీలు చదివిన తీరు మన పదో తరగతి ఫస్టు క్లాసు విద్యార్థి చదివే తీరు కాదు. కథానాయిక పేరు చెప్పి ఊరుకోలేదు. సందేశం రాసి మార్కులు తెచ్చుకోలేదు. పాఠంలోని ఒక్కొక్క వివరాన్ని తమ అనుభవంతో పోల్చి, సరిపోతుందా లేదా అని పరీక్షించారు. వాళ్ళకు ఎదురుగా ఒక ప్రత్యర్థి కూడా వున్నాడు. దుకాణం వుంది, కాంట్రాక్టరున్నాడు, మీకెందుకు ఈ చదువులు అనే మగవాళ్ళున్నారు. ఎదుటివాడు ఒప్పుకోడని తెలిసినప్పుడే మనిషి తన మాటకు ఆధారం వెతుక్కుంటాడు.

బడిలో పోటీ అవసరం కూడా ఇక్కడే వుంది. తరగతి గదిలో మేష్టరు చెప్పిన అర్థానికి ఎదురు లేదు. పరీక్షలో జవాబుల పట్టికకు ఎదురు లేదు. ఎదురు లేని చోట ఆధారం చూపించవలసిన పని లేదు. సరిసమానమైన ఇంకొక జట్టు ఎదురుగా కూర్చుని, నువ్వన్న మాట ఏ పంక్తిలో వుంది అని అడిగితే, అప్పుడు పిల్లవాడు పంక్తిలోకి చూస్తాడు. పోటీని నేను కోరుతున్నది ర్యాంకు కోసం కాదు, ఈ ఎదురు ప్రశ్న కోసం.

పోటీ అనగానే భయపడేవారి భయం నిరాధారం కాదు. పోటీ పరీక్షలు మన కార్పొరేటు చదువులను ఎక్కడికి తీసుకుపోయాయో చూస్తున్నాం. తెలివైన ఇద్దరు పిల్లలను ఏరి, మిగతా తరగతిని గాలికి వదిలేసి, ఆ ఇద్దరి ఫొటోలు ఫ్లెక్సీల మీద వేయించే పోటీ మనకు వద్దు. పోటీని ఇంకోలా కూడా నిర్మించవచ్చుననడానికి నిదర్శనాలున్నాయి. అమెరికాలో 1968లో కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీలో మొదలైన అకడమిక్ డెకాథ్లాన్‌లో జట్టుకు తొమ్మిదిమంది. అందులో ముగ్గురు పై శ్రేణి మార్కులవాళ్ళు, ముగ్గురు మధ్య శ్రేణి, ముగ్గురు కింది శ్రేణి వాళ్ళు వుండాలన్నది నియమం. వెనక బెంచీవాడు లేకుండా జట్టే లేదు. ఆ పోటీలో కూడా ఇచ్చిన జవాబుల్లో ఒకటి గుర్తించే ప్రశ్నలదే పెత్తనం, చదువు సామగ్రి కొనుక్కోవాలి. ఆ జబ్బు మనకక్కరలేదు, ఆ నియమం మాత్రం తీసుకోదగ్గది. కేరళలో రాష్ట్ర గ్రంథాలయ మండలి ఉన్నత పాఠశాల పిల్లలకు 'వాయనోత్సవం' పేరుతో గ్రంథాలయం నుంచి రాష్ట్రం దాకా అంచెలంచెలుగా పుస్తకపఠన పోటీ జరుపుతుంది. మన దగ్గర జనవిజ్ఞాన వేదిక 'చెకుముకి' సంబరాలను సైన్సులో బడి నుంచి మండలానికి, జిల్లాకు, రాష్ట్రానికి నడిపింది. సైన్సుకు సాధ్యమైంది సాహిత్యానికి ఎందుకు సాధ్యం కాదు?

ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతాల బడుల మధ్య ఇలాంటి పోటీ జరపడానికి పెద్ద ఖర్చు లేదు. జట్టుకు ఆరుగురు, మార్కుల జాబితాలో పైనుంచి ఇద్దరు, మధ్యనుంచి ఇద్దరు, కిందనుంచి ఇద్దరు. అందరి ముందూ ఒకే పాఠం, పంక్తులకు నంబర్లు వేసి. ముందుగా చెప్పని పాఠం, ఒకటిన్నర పేజీకి మించనిది. నలభై నిమిషాలు నిశ్శబ్దంగా చదవడానికీ, జట్టులో చర్చించుకోవడానికీ. తరవాత రెండు ప్రశ్నలు, రెండూ వాదానికి చోటున్నవి. ఒక జట్టు తన పఠనం చెబుతుంది. ఎదుటి జట్టు మూడు ప్రశ్నలు వేస్తుంది. పంక్తి నంబరు చూపించని వాక్యానికి మార్కు లేదు. ఎదుటివారి ఆధారం బలంగా వుందని గుర్తించి తన వాదాన్ని సవరించుకున్న జట్టుకు మార్కు తగ్గదు, పెరుగుతుంది. ఈ చివరి నియమం ముఖ్యం. ఇది లేకపోతే మనం తయారుచేసేది పాఠకులను కాదు, ప్లీడర్లను.

పాఠాల ఎంపికలో కూడా ఒక దృష్టి వుండాలి. మొల్ల అవతారిక వుండాలి, శాసనం వుండాలి, ఒక చిన్న కథ వుండాలి. పత్రికలో వచ్చిన ప్రకటన వుండాలి, ప్రభుత్వ ఉత్తర్వు వుండాలి. సోమశిల జలాశయం వల్ల ముంపు, పరిహారం అన్న మాటలు విన్న ప్రాంతం ఇది. ఒక ఉత్తర్వులో 'తగిన' అన్న విశేషణం ఎవరు నిర్ణయించేదో, 'వీలైనంత త్వరగా' అన్న మాటకు ఎన్ని నెలలో చదివి పట్టుకోగలిగిన పిల్లవాడు, రేపు తన తండ్రి పాసుపుస్తకం మీద రాసింది కూడా చదవగలడు. బ్యాంకు అప్పు కాగితం మీద సంతకం పెట్టేముందు ఆగగలడు. ఎన్నికల వాగ్దానం వింటూ కర్త లేని వాక్యాన్ని గుర్తుపట్టగలడు. పద్యం చదవడం, కాగితం చదవడం రెండు వేరువేరు విద్యలు కావు.

న్యాయనిర్ణేతల సంగతి కూడా చెప్పాలి. మనలో చాలామందిమి ఇలాంటి పోటీలకు వెళ్ళి, శాలువా కప్పించుకుని, ముగ్గురి పేర్లు చదివి వచ్చేస్తాం. ఎందుకు వాళ్ళు గెలిచారో చెప్పం. ఈ పోటీలో ఆ సౌకర్యం వుండకూడదు. న్యాయనిర్ణేత ఏ వాదాన్ని ఏ పంక్తి ఆధారంగా ఒప్పుకున్నాడో, దేన్ని ఎందుకు తోసిపుచ్చాడో సభలో చెప్పాలి. పిల్లలు ఆయన్ని కూడా ప్రశ్నించవచ్చు. పిల్లల ప్రశ్నకు తట్టుకోలేని విమర్శ రచయితల ముందు మాత్రం నిలుస్తుందా?

ఒక్క పోటీతో గ్రంథాలయాలు తెరుచుకోవు. ఖాళీగా వున్న తెలుగు ఉపాధ్యాయుల పోస్టులు నిండవు. పనులకోసం వలసపోయే కుటుంబాల పిల్లలు సగం సంవత్సరంలో బడి మానేయడం ఆగదు. వాటికోసం చేయవలసిన పోరాటాలు వేరే వున్నాయి. కాని వున్న బడిలో, వున్న పిల్లలతో, ఒకటిన్నర పేజీ కాగితంతో చేయగలిగిన పని ఇది. దీనికి ప్రభుత్వం అనుమతి అవసరమేమో గాని నిధులు అవసరం లేదు. రచయితలు, కళాశాలల్లో సాహిత్యం చదువుతున్న విద్యార్థులు పది పాఠాలు ఎంచి, పంక్తులకు నంబర్లు వేసి, ఒక్కొక్క పాఠానికి రెండేసి మంచి ప్రశ్నలు తయారుచేస్తే చాలు. ప్రశ్న తయారుచేయడం ఎంత కష్టమో అప్పుడు మనకు తెలుస్తుంది. రాబోయే ఆగస్టు 29న వక్తృత్వం పోటీకి రమ్మని ఏ బడివారైనా పిలిస్తే, ఉపన్యాసం బదులు ఒక పాఠం పట్టుకుని వెళ్దాం.